విదేశీ మెషిన్ రిపేర్‌కు పంపుతున్నారా? ఈ కాగితాలు లేకపోతే మళ్లీ సుంకం బాదుడే!

బాపట్ల జిల్లా కర్లపాలెం వైపు రొయ్యల చెరువులు ఎక్కువ. రొయ్య పిల్లల్లో వైరస్ ఉందో లేదో చూసే పీసీఆర్ మెషిన్ విదేశాల నుంచి తెప్పించుకున్నదైతే, పాడైనప్పుడు ఒక్కోసారి తయారీ కంపెనీకే పంపాల్సి వస్తుంది.

అసలు చిక్కు తిరిగొచ్చేటప్పుడే! అది మన పాత మెషినే అని నిరూపించలేకపోతే, కొత్త దిగుమతి కింద లెక్కేసి పూర్తి విలువపై సుంకం కట్టమంటారు.

పంపే ముందు ఏం చేయాలి?
* షిప్పింగ్ బిల్లులో ‘రిపేర్ కోసం పంపుతున్నాం, తిరిగి తెచ్చుకుంటాం’ అని రాయించాలి. మోడల్, సీరియల్ నంబర్ మర్చిపోవద్దు.
* సరుకు వెళ్లకముందే కస్టమ్స్ అధికారులతో తనిఖీ చేయించాలి.
* కొన్నప్పటి బిల్ ఆఫ్ ఎంట్రీ, ఇన్‌వాయిస్ దగ్గర పెట్టుకోవాలి.

సుంకం ఎంత?
కస్టమ్స్ నిబంధనల ప్రకారం రిపేర్ ఖర్చు, రానుపోను రవాణా, బీమా మీదే సుంకం. ఉదాహరణకు రూ.10 లక్షల మెషిన్‌కు ఇవన్నీ కలిపి రూ.1.40 లక్షలైతే, ఆ రూ.1.40 లక్షల మీదే లెక్క. వారంటీలో ఫ్రీగా బాగుచేసినా రిపేర్ విలువ కలుపుతారు. వెళ్లిన మెషినే 3 ఏళ్లలోపు తిరిగి రావాలి, ఓనర్ మారకూడదు.

పార్శిల్ కట్టే ముందే తాజా రూల్స్ కస్టమ్స్ బ్రోకర్‌ని అడిగి కన్ఫర్మ్ చేసుకోండి.