పాత ఇంజనుకు ఏ ఆయిలు?

ట్రాక్టరుకు పోయగా మిగిలిన ఆయిలును బావి దగ్గరి పాత డీజిలింజనులో పోయబోతున్నారా? కాస్త ఆగండి.

ట్రాక్టరుకు వాడే 15డబ్ల్యు-40 ఆయిలులో మసిని కడిగే మందు కలిపి ఉంటుంది. ఊడివచ్చిన మడ్డిని ఫిల్టరు ఆపుతుంది. పాత ఇంజన్లు కొన్నిటికి ఫిల్టరే లేదు. ఏళ్ళ తరబడి అడుగున పేరిన మడ్డి ఒక్కసారిగా కదిలితే ఆయిలు దారులు పూడిపోయి బేరింగులు కాలిపోతాయి. అదీ చేను ఎండుతున్న రోజుల్లో!

అట్టి ఇంజనుకు ఇన్నాళ్ళూ పోసిన రకమే పోయండి. 30, 40 అనే నంబరు చిక్కదనాన్నే చెబుతుంది, కడిగే గుణాన్ని కాదు. కనుక డబ్బా మీది రాత పూర్తిగా చదవండి. ఇంజను విప్పి మడ్డి తీయించిన తరువాత కొత్తరకం వాడవచ్చును గాని, త్వరత్వరగా మార్చాలి.

ట్రాక్టరులో మాత్రం పాతరకం వద్దు; మసి పిస్టను రింగులకు పట్టేస్తుంది. మిగిలిన డబ్బా మూత బిగించి ట్రాక్టరుకే ఉంచండి.