కంప్యూటర్ ఎవరి సంతకాన్ని నమ్ముతుంది?

ఆధార్ వెబ్‌సైటు నుంచి దించుకున్న ఇ-ఆధార్ పీడీఎఫ్‌ను కంప్యూటర్‌లో అడోబీ రీడర్‌తో తెరిచినప్పుడు, సంతకం ఉండవలసిన చోట పసుపు రంగు ప్రశ్నార్థకమూ, దాని పక్కనే ‘వాలిడిటీ అన్‌నోన్’ అన్న మాటలూ తరచుగా కనిపిస్తాయి. వాటిని చూసి పత్రం నకిలీదేమోనని కంగారుపడేవారు ఉన్నారు. ఆకుపచ్చ టిక్కు ఉంటే తప్ప కాగితం తీసుకోబోమని తిప్పి పంపేవారూ ఉన్నారు. నిజానికి ఆ ప్రశ్నార్థకానికి పత్రంలో తప్పుందని అర్థం కాదు. సంతకం చేసినవారి పేరు పత్రంలోనే ఉన్నప్పటికీ, వారికి పూచీ పడిన సంస్థ ఏదో ఈ కంప్యూటర్‌కు తెలియదని మాత్రమే దాని అర్థం. ఆ సంస్థను నమ్మవచ్చునని కంప్యూటర్‌కు తెలియజెప్పడాన్నే రూట్ సర్టిఫికెట్‌ను ఇన్‌స్టాల్ చేయడం అంటారు. నాలుగైదు క్లిక్కులతో ముగిసిపోయే పని ఇది. అయితే ఆ క్లిక్కులతో ఎంతటి అధికారాన్ని ఎవరి చేతిలో పెడుతున్నారో చేసేవారికి చెప్పేవారు అరుదు.

ఈ వ్యవస్థకంతటికీ పునాది, 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ ప్రతిపాదించగా మరుసటి ఏడాది రివెస్ట్, షమీర్, ఏడల్‌మన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఆచరణయోగ్యంగా మలిచిన ఒక గణిత పద్ధతి. ఇందులో ప్రతి వ్యక్తికీ లేదా సంస్థకూ ఒకదానితో ఒకటి ముడిపడిన రెండు కీలు ఉంటాయి: తన దగ్గరే రహస్యంగా దాచుకునేది ప్రైవేట్ కీ, నలుగురికీ తెలియనిచ్చేది పబ్లిక్ కీ. ప్రైవేట్ కీతో చేసిన సంతకాన్ని పబ్లిక్ కీతో ఎవరైనా సరిచూడవచ్చు గాని, పబ్లిక్ కీతో సంతకాన్ని పుట్టించడం సాధ్యపడదు; సంతకం చేశాక పత్రంలో ఒక్క అక్షరం మారినా ఆ సంగతి బయటపడుతుంది. గణితం సాయం ఇంతవరకే. ఫలానా పబ్లిక్ కీ నిజంగా ఫలానా వారిదేనా అన్న ప్రశ్నకు ఎవరో ఒకరు సాక్ష్యం చెప్పాలి. ఆ సాక్ష్యాన్ని రాతలో పెట్టినదే సర్టిఫికెట్: ఒక పేరు, ఆ పేరుగలవారి పబ్లిక్ కీ, చెల్లుబాటు తేదీలు, వీటిని తాను పరిశీలించి ఖాయపరిచానంటూ ధ్రువీకరణ సంస్థ చేసిన డిజిటల్ సంతకం అందులో ఉంటాయి. దాని రూపురేఖలను 1988లో ఎక్స్.509 అనే అంతర్జాతీయ ప్రమాణం నిర్దేశించింది.

జిరాక్సు ప్రతిపై గెజిటెడ్ అధికారి సంతకం ఉన్నప్పుడు, ఆ ప్రతిని నమ్మడమంటే ఆ అధికారిని నమ్మడమే. ఆయన అధికారాన్నే శంకిస్తే ఆయనను నియమించిన ప్రభుత్వం దాకా వెళ్లవలసి వస్తుంది. సర్టిఫికెట్ల విషయంలోనూ, సంతకం చేసిన సంస్థను ఇంకో సంస్థ, దానిని మరో సంస్థ ధ్రువీకరిస్తూ పోయే వరుస ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు. చివరన ఉన్న సంస్థకు పైన ఎవరూ లేరు కనుక అది తన సర్టిఫికెట్‌పై తానే సంతకం చేసుకుంటుంది. అదే రూట్ సర్టిఫికెట్. తన గురించి తాను చెప్పుకున్న మాట సాక్ష్యం కాజాలదు కాబట్టి, దానిని నమ్మడమా మానడమా అన్నది ముందుగానే ఎవరో నిర్ణయించి ఉంచాలి. విండోస్‌లో ఆ నిర్ణయం మైక్రోసాఫ్ట్‌ది, మాక్ కంప్యూటర్లలో యాపిల్‌ది. ఫైర్‌ఫాక్స్ మొదటి నుంచీ తన సొంత జాబితానే వాడుతుండగా, గూగుల్ క్రోమ్ 2022లో తనదైన జాబితాకు మారడం మొదలుపెట్టింది. పీడీఎఫ్ సంతకాల కోసం అడోబీ మరొక జాబితాను నిర్వహిస్తుంది. ఒకే కంప్యూటర్‌లో ఒక సర్టిఫికెట్‌ను ఒక ప్రోగ్రాము నమ్మి, పక్కనున్న ప్రోగ్రాము నమ్మకపోవడానికి కారణం ఇదే.

భారతదేశంలో ఈ వరుసకు మొదలు చట్టంలోనే ఉంది. సమాచార సాంకేతిక చట్టం, 2000 కింద ఏర్పడిన ‘కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్’, అంటే పొట్టిగా సీసీఏ అని పిలిచే కార్యాలయం, దేశానికంతటికీ రూట్‌గా ఉంటూ, లైసెన్సు పొందిన సంస్థల పబ్లిక్ కీలపై సంతకం చేస్తుంది. 1996లో రిజర్వ్ బ్యాంకు హైదరాబాద్‌లో నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ బ్యాంకింగ్ రంగం కోసం అలాంటి లైసెన్సు పొందిన సంస్థ. ఆధార్ సంస్థ చేసే సంతకం మొదలుకొని, టెండర్లు వేసే కాంట్రాక్టర్లూ రిటర్నులు దాఖలు చేసే ఆడిటర్లూ యూఎస్‌బీ టోకెన్‌లో పెట్టుకుని తిరిగే డిజిటల్ సంతకం దాకా, అన్నీ పైకి వెళ్లి ‘సీసీఏ ఇండియా’ అనే పేరు దగ్గరే కలుస్తాయి.

టోకెన్‌ను వాడేవారిలో చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. టోకెన్‌లో ఉండేది వ్యక్తి సొంత ప్రైవేట్ కీ, కాబట్టి దానిని ఎవరి చేతికీ ఇవ్వకూడదు. రూట్ సర్టిఫికెట్ ఫైలులో ఉండేది పబ్లిక్ కీ మాత్రమే, అందులో రహస్యమేమీ లేదు. అందుకే రూట్ పేరుతో వచ్చిన ఫైలు తెరవగానే పాస్‌వర్డ్ అడిగితే, అది ప్రైవేట్ కీని కూడా మోసుకొచ్చే పీఎఫ్ఎక్స్ రకం ఫైలు అయి ఉంటుంది కాబట్టి, అక్కడే ఆగి పంపినవారిని విచారించాలి.

విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసే విధానం సులభం. సర్టిఫికెట్ ఫైలుపై రెండుసార్లు క్లిక్ చేస్తే తెరుచుకునే చిన్న కిటికీలో అది ఎవరిది, ఎవరు ఇచ్చారు, ఎప్పటివరకు చెల్లుతుంది అన్న వివరాలు కనిపిస్తాయి. రూట్ సర్టిఫికెట్ అయితే ‘ఇష్యూడ్ టు’, ‘ఇష్యూడ్ బై’ అన్న రెండు చోట్లా ఒకే పేరుండాలి. అడుగున ఉన్న ‘ఇన్‌స్టాల్ సర్టిఫికెట్’ బటన్ నొక్కాక మొదట ‘కరెంట్ యూజర్’, ‘లోకల్ మెషీన్’ అని రెండు ఎంపికలు వస్తాయి. మొదటిది ప్రస్తుతం లాగిన్ అయిన వ్యక్తికే పరిమితం, రెండవది ఆ కంప్యూటర్ వాడే అందరికీ వర్తిస్తుంది. తరువాతి తెరపై, సర్టిఫికెట్‌ను ఎక్కడ పెట్టాలో విండోస్‌కే వదిలేయకుండా, ‘ట్రస్టెడ్ రూట్ సర్టిఫికేషన్ అథారిటీస్’ అనే స్టోరును స్వయంగా ఎంచుకోవాలి. ‘ఫినిష్’ నొక్కగానే ఒక హెచ్చరిక వస్తుంది.

ఈ హెచ్చరికను చదవకుండా ‘యెస్’ నొక్కేవారే ఎక్కువ గాని, విండోస్ చూపించే సందేశాల్లో ఇంత నిజాయితీ గలవి కొద్ది. ఈ సర్టిఫికెట్ నిజంగా ఆ పేరుగల సంస్థదేనని తాను తేల్చలేననీ, ఆ సంస్థనే సంప్రదించి నిర్ధారించుకోవాలనీ, ఒప్పుకుంటే ఇకపై ఆ సంస్థ ఇచ్చే ఏ సర్టిఫికెట్‌నైనా ప్రశ్నించకుండా నమ్ముతాననీ విండోస్ సూటిగా చెబుతుంది. నిర్ధారణ కోసం ‘థంబ్‌ప్రింట్’ అనే 40 అంకెలు, అక్షరాల వరుసను కూడా చూపుతుంది. ఇది మొత్తం సర్టిఫికెట్ నుంచి గణించి తీసిన గుర్తు. సర్టిఫికెట్‌లో ఏ చిన్న మార్పు జరిగినా ఇది పూర్తిగా మారిపోతుంది. సంస్థ పేరును ఎవరైనా పెట్టుకోవచ్చు, ‘సీసీఏ ఇండియా’ అనే పేరుతో పది నిమిషాల్లో ఒక రూట్‌ను ఎవరైనా తయారు చేయవచ్చు గాని, అసలు రూట్ థంబ్‌ప్రింట్ మాత్రం దానికి రాదు. అందువల్ల ఈ వరుసను సంస్థ అధికారికంగా ప్రకటించిన వరుసతో మొదటి నుంచి చివరిదాకా పోల్చి చూడాలి. మొదటి నాలుగు, చివరి నాలుగు కలిశాయి కదా అని వదిలేయకూడదు. ఫైలు ఏ దారిలో వచ్చిందో థంబ్‌ప్రింట్ అదే దారిలో రాకూడదన్నది అంతకన్నా ముఖ్యం. ఒకే వాట్సాప్ సందేశంలో ఫైలూ, దాని థంబ్‌ప్రింటూ వస్తే, మోసగాడు పంపినప్పటికీ ఆ రెండూ ఒకదానితో ఒకటి చక్కగా సరిపోతాయి. ‘లోకల్ మెషీన్’ ఎంచుకున్నవారికి ఈ హెచ్చరిక రాదు, అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడిగి ఊరుకుంటుంది. కనుక అక్కడ ‘డీటెయిల్స్’ పేజీలోకి వెళ్లి థంబ్‌ప్రింట్‌ను ముందుగానే చూసుకోవాలి.

మాక్‌లో ఇదే పనిని ‘కీచైన్ యాక్సెస్’ ద్వారా సర్టిఫికెట్‌ను చేర్చి, దాని ట్రస్ట్ విభాగంలో ‘ఆల్వేస్ ట్రస్ట్’ ఎంచుకుని చేస్తారు; ఉబుంటులో ఫైలును నిర్ణీత ఫోల్డరులో ఉంచి ఒక ఆదేశం ఇస్తే సరిపోతుంది.

ఇ-ఆధార్ ప్రశ్నార్థకం పోగొట్టడానికి విండోస్ జాబితాను ముట్టుకోవలసిన అవసరమే లేదు. అడోబీ రీడర్‌లో సంతకంపై క్లిక్ చేసి, సంతకం వివరాల్లోంచి సర్టిఫికెట్‌ను తెరిస్తే వరుసంతా కనిపిస్తుంది; పైనున్న ‘సీసీఏ ఇండియా’ను ఎంచుకుని, థంబ్‌ప్రింట్ సరిచూసి, ట్రస్ట్ పేజీలో నమ్మకస్తుల జాబితాకు చేర్చవచ్చు. అక్కడ కనిపించే గడుల్లో ‘ట్రస్టెడ్ రూట్’ అన్నది చాలు. పత్రంలో దాగిన ప్రోగ్రాములను నడపనిచ్చే మిగతా గడులను ఖాళీగానే వదలాలి. ఇలా ఇచ్చిన నమ్మకం పీడీఎఫ్ సంతకాలకే పరిమితం, విండోస్‌లో ఇచ్చినది బ్రౌజరు తెరిచే వెబ్‌సైట్లన్నిటికీ వర్తిస్తుంది. అవసరం పత్రానిదైనప్పుడు అధికారాన్ని ఇంటర్నెట్ మొత్తానికి విస్తరించడం అనవసరమే కాదు, ప్రమాదకరం కూడా.

ఆ ప్రమాదం ఎటువంటిదో కజకస్తాన్ ఉదంతం చూపుతుంది. 2019 జూలైలో ఆ దేశ ప్రభుత్వం జారీ చేసిన రూట్ సర్టిఫికెట్‌ను ఇన్‌స్టాల్ చేసుకోవాలని అక్కడి ఇంటర్నెట్ సంస్థలు తమ వినియోగదారులను కోరాయి. అలా చేసుకున్న కంప్యూటర్‌కూ, ఉదాహరణకు గూగుల్‌కూ నడుమ ప్రభుత్వ యంత్రం కూర్చుని, తన రూట్‌తో గూగుల్ పేరిట అప్పటికప్పుడు సర్టిఫికెట్ పుట్టించి చూపగలదు. ఆ రూట్‌ను నమ్మిన బ్రౌజరు తాళం గుర్తు చూపుతూనే ఉంటుంది, మధ్యలో మాత్రం పాస్‌వర్డులూ ఉత్తరాలూ చదువుతూనే ఉంటారు. అదే ఏడాది ఆగస్టులో గూగుల్, మొజిల్లా, యాపిల్ ఆ రూట్‌ను నిరోధించాయి.

దురుద్దేశం లేని సంస్థ విషయంలోనూ ప్రమాదం ఉందని మన దేశపు అనుభవమే చెబుతోంది. సీసీఏ రూట్లు అప్పటికి మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండేవి. 2014 జూలై 2న, నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ సర్టిఫికెట్ల విభాగం నుంచి తన డొమైన్ల పేరిట అనధికారిక సర్టిఫికెట్లు వెలువడినట్లు గూగుల్ గుర్తించింది. ఆ విభాగపు జారీ ప్రక్రియలోకి ఎవరో చొరబడ్డారని తేలింది. మరునాడే సీసీఏ ఆ విభాగపు సర్టిఫికెట్లను రద్దు చేసింది. విండోస్ జాబితాపై ఆధారపడిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వంటి ప్రోగ్రాములు ఆ నకిలీలను నమ్మే స్థితిలో ఉండగా, ఫైర్‌ఫాక్స్ జాబితాలో సీసీఏ రూట్లు లేనందున దాని వినియోగదారులకు ముప్పు కలగలేదు. తరువాత క్రోమ్‌లో సీసీఏ రూట్‌ను ప్రభుత్వ, విద్యాసంస్థల డొమైన్లూ, రిజర్వ్ బ్యాంకు వంటి కొన్ని సైట్లూ మాత్రమే వాడుకునేలా గూగుల్ కట్టడి చేసింది. సీసీఏ నిర్లక్ష్యంగా ఉందని దీని అర్థం కాదు, అది ఒక్కరోజులోనే స్పందించింది. కాని ఒక రూట్‌ను నమ్మడమంటే దాని కింద లైసెన్సు పొందిన ప్రతి సంస్థ భద్రతనూ, ఆ సంస్థల సర్వర్ల కాపలానూ నమ్మడమేనని అప్పుడు స్పష్టమైంది.

మరుసటి ఏడాది లెనోవో ల్యాప్‌టాప్‌లలో బయటపడ్డ ‘సూపర్‌ఫిష్’ వ్యవహారం ఇంకా దారుణమైనది. ప్రకటనలు చొప్పించడం కోసం ముందే ఎక్కించిన ఆ ప్రోగ్రాము తన రూట్‌ను విండోస్‌లో చేర్చింది, పైగా దాని ప్రైవేట్ కీ అన్ని ల్యాప్‌టాప్‌లలోనూ ఒక్కటే. ఆ కీకి కాపలాగా ఉన్న పాస్‌వర్డ్, ప్రోగ్రాములో వాడిన ఒక భాగాన్ని తయారు చేసిన కంపెనీ పేరు తప్ప మరేమీ కాదని ఒక పరిశోధకుడు కనిపెట్టాడు. ఆ తరువాత ఒకే వైఫై వాడుతున్న ఎవరైనా ఆ ల్యాప్‌టాప్‌ల ముందు ఏ బ్యాంకు వేషమైనా వేయగలిగేవారు.

కార్యాలయాల్లో ఉద్యోగుల కంప్యూటర్లపై సంస్థ తన రూట్‌ను చేర్చడం మాత్రం మామూలే. లోపలి సైట్లు పని చేయడానికో, నెట్‌వర్క్ దాటిపోయే సమాచారాన్ని తనిఖీ చేయడానికో అది అవసరపడుతుంది. తనిఖీ ఉన్నచోట సొంత బ్యాంకు ఖాతా తెరవడం మంచిది కాదు. సొంత ల్యాప్‌టాప్‌లో ఆఫీసు రూట్‌ను చేర్చడం అంతకన్నా ఆలోచించి చేయవలసిన పని. ఇక బ్యాంకు సైటు తెరిచినప్పుడు ఎర్ర హెచ్చరిక వస్తే, ఏదో సర్టిఫికెట్ ఎక్కిస్తే సరిపోతుందన్న సలహాను వినకూడదు. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డుపై ఉండే చిన్న బ్యాటరీ అయిపోయి, తేదీ ఏళ్ల వెనక్కి పోవడం ఆ హెచ్చరికకు తరచుగా కనిపించే కారణం. సర్టిఫికెట్లకు తేదీలే ప్రాణం కాబట్టి ముందు గడియారం చూడాలి. నవీకరణలు ఆగిపోయిన వ్యవస్థలకు మరో చిక్కు ఉంది: వెబ్‌సైట్లకు సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఆధారపడ్డ పాత రూట్ గడువు 2021 సెప్టెంబరు 30న తీరినప్పుడు, కొత్త రూట్ అందని పాత పరికరాలకు ఎన్నో సైట్లు ఉన్నట్టుండి అపరిచితమైపోయాయి.

సీసీఏ రూట్లు కూడా 2007, 2011, 2014, 2022 అని ఏడాది పేరుతో మారుతూ వచ్చాయి. ఒకప్పుడు శ్రమపడి ఆకుపచ్చ టిక్కు తెప్పించిన కంప్యూటర్‌లో కొత్తగా దించుకున్న పత్రానికి ప్రశ్నార్థకం మళ్లీ రావడానికి, పత్రం కొత్త రూట్ కిందికి వెళ్లడం కారణం కావచ్చు. పనికిరాని పాత రూట్‌ను విండోస్‌లో తొలగించాలంటే స్టార్ట్ మెనూలో ‘మేనేజ్ యూజర్ సర్టిఫికెట్స్’ అని వెతికి తెరవాలి. తొలగించకుండా దాని ‘ప్రాపర్టీస్’లో వెబ్‌సైట్ల గుర్తింపు వంటి ప్రయోజనాలను మాత్రం ఆపివేసే వీలూ ఉంది. అయితే ఆ జాబితాలో గడువు తీరినట్లు కనిపించే మైక్రోసాఫ్ట్ రూట్లలో కొన్ని పాత సంతకాలను సరిచూడడానికి విండోస్‌కు ఇప్పటికీ అవసరం, వాటిని తీసివేస్తే కొన్ని ప్రోగ్రాములు మొరాయిస్తాయి. అందుచేత స్వయంగా చేర్చినవాటినే తొలగించాలి. ఏవి చేర్చారో తరువాత పోల్చుకోవడానికి వీలుగా, చేర్చిన రోజునే సర్టిఫికెట్ పేరు, తేదీ, థంబ్‌ప్రింట్ ఒక కాగితంపై రాసి కంప్యూటర్ బిల్లుతో పాటు దాచాలి.