సందర్శకుల పుస్తకములోని సంతకము



నేడు నేను ముచ్చటింపబోవునది పిల్లల యాటవస్తువును గూర్చి. నవ్వకుడు. ఈ యాటవస్తువు కొఱకు అమెరికా న్యాయస్థానములలో ఇంచుమించు ఇరువది యేండ్లు వ్యాజ్యములు నడచినవి. పది కోట్ల డాలర్లకు మించిన ధనము చేతులు మాఱినది. దాని పేరు వీడియో గేము కన్సోలు. టెలివిజనుకు తగిలించెడి చిన్న పెట్టె యది. చేతిలోని మీటలను మనము కదలించినచో, తెరమీది బొమ్మలు మన యాజ్ఞకు లోబడి కదలును. ఇంతకంటె దాని స్వరూపమును వర్ణింప బనిలేదు. మీ మనుమలు నాకంటె బాగుగా చెప్పగలరు.

జపాను దేశపు నింటెండో సంస్థ తన స్విచ్ 2 అను యంత్రమును 2025 జూను 5వ తేదీన విక్రయమునకు విడుదల చేసెను. కాని అంతకు రెండు నెలలు ముందే, ఏప్రిలు మాసమున, న్యూయార్కు, పారిసు మొదలగు నగరములకు దానిని కొనిపోయి, జనులను పిలిచి, వారిచేత ఆడించి చూపెను. ఆ భాగ్యము తనకు కలుగలేదని మా మనుమడు విచారించెను. నాకు మాత్రము వేఱొక సందేహము పొడమినది. ఇంకను అంగడి కెక్కని సరకును పరుల చేతికిచ్చుట వర్తకునకు క్షేమమేనా? తూర్పాఱబట్టకమునుపే కల్లమును పదుగురికి చూపు రైతు కలడా? "అందఱును అట్లే చేయుదురు, తాతగారూ" అని వాడు పోయి తన పని చూచుకొనెను. నేను పుస్తకములు తిరుగవేసితిని. నా సందేహమునకు సమాధానము ఆ జాతి యంత్రములలో మొట్టమొదటిదాని చరిత్రలోనే దొరకినది.

రాల్ఫు బేయరు అను నతడు 1922లో జర్మనీ దేశమున ఒక యూదుల యింట పుట్టెను. హిట్లరు ప్రభుత్వపు బాధలు పడలేక 1938లో ఆ కుటుంబము అమెరికాకు వలసపోయెను. అచ్చట అతడు రేడియోలు బాగుచేయుచు బ్రదికెను. యుద్ధకాలమున సైన్యమున పనిచేసెను. పిమ్మట టెలివిజను విద్యలో పట్టము పుచ్చుకొనెను. 1966 నాటికి న్యూ హాంప్‌షైరు రాష్ట్రములో, సైన్యమునకు పరికరములు చేయు సాండర్సు అను సంస్థలో పెద్ద యుద్యోగి. ఆ యేడు వేసవి చివర న్యూయార్కు నగరపు బస్సుల నిలయమున నొకరి కొఱకు వేచియుండగా అతని కొక యూహ తోచినది. ఇంటింట టెలివిజను వెలసినది. దానిని చూచుచు కూర్చుండుట తప్ప మనుష్యుడు చేయదగినది లేదా? ఆ తెరతో ఆడుకొనరాదా? సెప్టెంబరు 1వ తేదీన అతడు కార్యాలయమున కూర్చుండి ఆ యూహను నాలుగు పుటలలో వ్రాసి, తేదీ వేసి, తోటి యింజనీరుచేత సంతకము చేయించెను. ఈ తేదీని మనస్సున నుంచుకొనుడు.

1967లో తెరమీద రెండు చదరపు వెలుగుచుక్కలు ఒకదానిని ఒకటి తఱుమనారంభించినవి. ఆ సంవత్సరమే, మనుష్యుడు గాక యంత్రమే నడపెడి మూడవ చుక్కను చేర్చిన యెడల ఎట్లుండునని సహోద్యోగి బిల్ రషు తలపోసెను. ఆ మూడవ చుక్కయే బంతి. ఇటునటు నున్న రెండు చుక్కలు దానిని కొట్టినచో పింగుపాంగు ఆట యగును. 1968లో సిద్ధమైన నమూనాకు కొయ్యవలె కనబడు కాగితము నంటించిరి. దానికి గోధుమవన్నె పెట్టె యని పేరు వచ్చినది. టెలివిజనులు చేయు పెద్ద సంస్థలవారు పలువురు వచ్చి దానిని చూచిరి, మెచ్చిరి, వెడలిపోయిరి. తుదకు మాగ్నవాక్సు అను సంస్థ 1971 జనవరిలో ఒడంబడిక వ్రాసికొని, దానికి ఓడిసీ యను పేరు పెట్టెను.

ఓడిసీ లోపలి సంగతి కొంచెము చెప్పవలయును. నేటి యంత్రములలోని గణనశక్తి దానికి లేశమును లేదు. ఇంచుమించు నలువది ట్రాన్సిస్టరులు, అన్నియే డయోడులు, ఆఱు బాటరీలు – ఇంతే. శబ్దము లేదు. ఎవరు గెలిచిరో లెక్క చూపుటయు లేదు. ఆ లెక్కను ఆడువారే కాగితముమీద వ్రాసికొనవలయును. చేతిపెట్టెకు రేడియోకు వలె త్రిప్పుడు గుండీలుండును. ఒకటి చుక్కను పైకి క్రిందికి నడపును. ఒకటి ప్రక్కలకు నడపును. మూడవది బంతిని వంకరగా పోవునట్లు చేయును. మఱి చుక్కలతోనే పండ్రెండు ఆటలెట్లు? మన పులిజూదమున చింతపిక్కలను, గులకఱాళ్లను పెట్టుకొందుము, పులియు మేకయు మన భావనలోనివే, గీతలు నేలమీదివి. ఓడిసీయు నట్లే. రంగులు పూసిన పలుచని ప్లాస్టికు పొరలను టెలివిజను అద్దమునకు అతికించుదురు. ఒక పొర టెన్నిసు ఆటస్థలము. వేఱొకటి వేఱొక రంగము. వెనుక కదలు చుక్కలు మాత్రము ఎప్పటివే. పాచికలు, కార్డులు, కాగితపు డబ్బులు కూడ పెట్టెలోనే యిచ్చిరి. నాకీ పెట్టెమీద గౌరవము కలుగుటకు కారణమిదే: దాని పేదఱికమును మనుష్యుని భావనాశక్తి పూరింపవలసి యుండెను.

విడుదలకు ముందు సంస్థవారు లాసేంజిలిసు, గ్రాండు రాపిడ్సు పట్టణములలో సామాన్య జనులచేత ఆడించి వారి యభిప్రాయములు సేకరించిరి. 1972 మే మాసమున ఊరూర ప్రదర్శనలు సాగించిరి. వానిలో నొకటి కాలిఫోర్నియాలోని బర్లింగేము పట్టణమున, ఒక హోటలులో జరిగినది. వచ్చినవా రందఱును ద్వారముకడ సందర్శకుల పుస్తకమున పేరు వ్రాసి లోనికి పోవుచుండిరి. మే 24న నోలన్ బుష్నెలు అను యువకుడు అట్లే సంతకము చేసి, లోనికేగి, పింగుపాంగు ఆడెను. అతడు ఆ సరికే నాణెము వేసిన నాడెడి కంప్యూటర్ స్పేసు అను వీడియో ఆటను 1971లో వెలువరించినవాడు; ఈ విద్యకు క్రొత్తవాడు కాడు. అతనికి ఓడిసీ రుచింపలేదు. అందు పెద్ద తెలివి లేదనుకొనెను.

రుచింపని వస్తువు మనస్సునుండి తొలగిపోలేదు. జూనులో అతడును మిత్రుడును అటారీ యను సంస్థను స్థాపించిరి. క్రొత్తగా చేర్చుకొన్న అల్ ఆల్కార్ను అను యింజనీరునకు అభ్యాసముగా పింగుపాంగు ఆట చేయుమని బుష్నెలు చెప్పెను. ఆల్కార్ను ఓడిసీని చూడలేదు. అతడు బంతి తగిలిన చోటునుబట్టి ఎగురు కోణము మాఱునట్లు చేసెను; ఆట సాగినకొలది బంతికి వేగము పెంచెను; శబ్దమును, తెరమీదనే లెక్కను చేర్చెను. దీని పేరు పాంగు. దీనికిని విడుదలకు ముందు పరీక్ష జరిగినది – సన్నివేలు పట్టణములోని ఒక పానశాలలో. కొలది దినములకే యంత్రము చెడిపోయినదని కబురు వచ్చెను. ఆల్కార్ను పోయి తెఱచి చూడగా లోపల చెడినదేమియు లేదు. నాణెములు పడు డబ్బా నిండి పొరలినది.

1974లో మాగ్నవాక్సు వ్యాజ్యము వేసెను. అపుడు రెండు కాగితములు మాటలాడినవి. ఒకటి, బేయరు పక్షమువారి తేదీలు గల వ్రాతలు. రెండవది, బర్లింగేము హోటలు పుస్తకము. అందు బుష్నెలు పేరు స్పష్టముగా నున్నది. మనయూళ్లలో సరిహద్దు తగవు వచ్చినపుడు, ఎవరి మాట గట్టిది యని చూడక, పాత దస్తావేజు క్రింద ఎవరి వ్రాలున్నదని చూతుము గదా! 1976 జూనులో, విచారణకు ముందే, అటారీ పదునైదు లక్షల డాలర్లిచ్చుట కొడంబడి రాజీ చేసికొనెను. మఱుసటి జనవరిలో చికాగో న్యాయాధిపతి జాన్ గ్రేడీ తక్కిన ప్రతివాదుల విషయమున బేయరు పేటెంటునే ఈ విద్యకు మూలమని నిర్ణయించెను.

బుష్నెలును దొంగ యనుటకు నాకు మనసొప్పదు. శబ్దమును, వేగమును, కోణమును చేర్చినవారు వస్తువునకు ప్రాణము పోసిరి. కాని విత్తనము ఎవరి గాదెలోనిదో చెప్పకపోవుట వేఱు మాట. దానికి మూల్యము చెల్లించుట న్యాయమే. ఇక వర్తకుని క్షేమమా, నష్టమా? ఓడిసీ 1972 సెప్టెంబరున నూఱు డాలర్ల వెలతో అంగడి కెక్కినది. అది మాగ్నవాక్సు టెలివిజనులకే పనిచేయునను అపోహ కొంత యమ్మకమును చెఱచినది. అయినను 1975 వఱకు మూడున్నర లక్షల వఱకు చెల్లినవి. పానశాలలలో పాంగు ఆడినవారు ఇంటికి అట్టిదానిని వెదకుచు వచ్చి ఓడిసీని కొనిరట. తన సరకును చూచిపోయినవాడే దానికి గిరాకి తెచ్చిపెట్టినాడు.

బేయరు 2014 డిసెంబరులో తన 92వ యేట కాలధర్మము నొందెను. గోధుమవన్నె పెట్టెను, తన కాగితములను అతడు 2006లోనే వాషింగ్టనులోని స్మిత్సోనియను సంగ్రహాలయమునకు ఒప్పగించెను. ఈ కథ యంతయు విని మా మనుమ డడిగిన ప్రశ్న యొక్కటే: "ఆ దినమున ఆటలో గెలిచిన దెవరు?" ఓడిసీకి లెక్క చూపుట రాదని చెప్పితిని గదా; ఎవరును వ్రాసి పెట్టలేదు.