క్యాసెట్ నుంచి వెబ్‌సైటుకు: వీడియో ఎక్కడ ఆగుతున్నది?

సోలాపూర్‌లో మనవాళ్ళ ఇండ్లల్లో బీరువా అడుగున పాత వీడియో క్యాసెట్లు ఇంకా ఉన్నయి. మార్కండేయ రథోత్సవం, పెండ్లిళ్ళు, మిల్లు గేటు ముందు సభలు, ఇప్పుడు లేని పెద్దల మాటలు అన్నీ వాటిలోనే. వాటిని ఆడించే వీసీఆర్‌ల తయారీని జపాన్‌లోని ఫునాయ్ కంపెనీ కూడా 2016లో ఆపేసింది. ఉన్న మిషన్లు చెడిపోతే చూసే దారి లేదు. అందుకని మన పిల్లలు వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి సంఘం వెబ్‌సైటులో పెడుతున్నరు. భివండీలో, సూరత్‌లో ఉన్న చుట్టాలు కూడా చూస్తరని.

కానీ సగం వీడియోలు ఎక్కలేదు. ఎక్కినవాటిలో కొన్ని ఆడలేదు. పిల్లల పక్కన కూర్చొని చూసిన సంగతి రాస్తున్న. బట్టలో తప్పు వస్తే జాబర్ ముందు నూలు చూస్తడు, తర్వాత బీము, ఆ తర్వాతనే సాంచాకు చెయ్యి పెడతడు. ఇదీ అట్లనే.

మనం పంపిన ఫైలును ఫోన్లో ఆడేటట్టు మార్చేది సర్వర్ మీద ఉండే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రాం. ఫ్రాన్స్‌కు చెందిన ఫాబ్రిస్ బెల్లార్డ్ 2000లో మొదలుపెట్టిండు, పైసా లేకుండా వాడుకోవచ్చు. మొదటి అడ్డంకి దాని దాకా పోకముందే ఉన్నది. వెబ్‌సైటు నడిపే పీహెచ్‌పీ, మనం మార్చకపోతే, 2 ఎంబీ దాటిన ఫైలును లోపలికి రానియ్యదు. ఫోన్లో తీసిన ఒక్క నిమిషం వీడియోనే దానికి ఎన్నో రెట్లు ఉంటది. ఆ హద్దు పెంచిన్రు.

రెండోది తికమక పెట్టింది. పిల్లగాడు సర్వర్లో తన చేతితో నడిపితే వీడియో మారుతది, వెబ్‌సైటు నుంచి నడిపితే మారదు. పగటి షిఫ్టోని దగ్గర గోదాం తాళంచెవి ఉండి, రాత్రి షిఫ్టోనికి ఇయ్యనట్టు. వెబ్‌సైటు వేరే యూజర్ పేరుతో పనిచేస్తది, ఆ పేరుకు ఫోల్డర్లో రాసే అనుమతి లేదు. ఇంకో చిక్కు, ఎఫ్ఎఫ్ఎంపెగ్ తన ఫిర్యాదును మామూలు దారిలో కాక తప్పులు రాసే వేరే దారిలో చెప్తది. ఆ దారిని కూడా కలిపి చదివితేనే సంగతి బయటపడ్డది. ఇది తెల్వక వారం పోయింది.

మూడోది టైము. గంట క్యాసెట్ మారాలంటే చాలాసేపు పడతది. ముందున్న ఎన్‌జిన్‌ఎక్స్ అనే సర్వర్ మామూలుగా 60 సెకండ్లు జవాబు రాకపోతే ఇక చాలని 504 అని చూపిస్తది. కాబట్టి ఫైలు అందంగనే "వచ్చింది" అని చెప్పి, మార్చే పనిని విడిగా వరుసలో పెట్టాలె. ఇప్పుడు రాత్రంతా ఒకటి తర్వాత ఒకటి మారుతున్నయి.

నాకు బాగా అర్థమైంది మాత్రం గీతల సంగతి. పాత క్యాసెట్లో బొమ్మ ఒక్కసారి రాదు. బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి వస్తయి, మన సాదా నేతలో పడుగు పోగులు ఒకటి విడిచి ఒకటి లేచినట్టు. మనుషులు కదిలితే ఆ రెండూ కలవవు. రథం ముందు కోలాటమాడే వాళ్ళ చేతుల అంచులు దువ్వెన పండ్ల లెక్క కనిపించినయి. మార్చేటప్పుడు 'యాడిఫ్' అనే ఫిల్టర్ పెడితే సాఫు అయింది. ఎంపీ4లో వీడియో వివరాల పట్టిక మామూలుగా ఫైలు చివర పడతది. అది ముందుకు రావాలంటే 'ఫాస్ట్‌స్టార్ట్' అని పెట్టాలె, లేకుంటే నెట్ నెమ్మదిగున్న ఇంట్లో చక్రం తిరుగుతనే ఉంటది.

మీ ఇంట్ల క్యాసెట్లుంటే పిల్లలకు ఇయ్యండి. ఇచ్చేముందు ఏ సంవత్సరమో, ఎవరెవరున్నరో కాగితం మీద రాసి డబ్బాలో పెట్టండి. వీడియో మారినంక కూడా క్యాసెట్ పారెయ్యకండి, అసలు ఫైలును సర్వర్ నుంచి తుడవద్దని పిల్లలకు కూడా చెప్పిన.