పసిచేతుల్లో ప్రమాదకరమైన పని

పిల్లల ప్రాణానికి, ఆరోగ్యానికి హాని కలిగించే పనిని ‘ప్రమాదకరమైన పని’ అంటాము. పురుగుమందులు, గనులు, మోయలేని బరువులు ఇందులోకే వస్తాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనాల ప్రకారం 2000లో ప్రపంచంలో సుమారు 17 కోట్ల మంది పిల్లలు ఇలాంటి పనుల్లో ఉన్నారు. 2024 నాటికి వారు 5.4 కోట్లకు తగ్గారు. సంతోషమే, కానీ చాలదు.

దేశాలను పోల్చేటప్పుడు మొత్తం సంఖ్య ఒక్కటే చూస్తే పొరబడతాము. నూటికి ఎందరు అని అడగాలి. 2024లో సహారాకు దిగువనున్న ఆఫ్రికాలో నూటికి 22 మంది పిల్లలు బాలకార్మికులు. ఆసియా, పసిఫిక్ దేశాల్లో నూటికి ముగ్గురు. వయసు కూడా చూడాలి. మన 2011 జనాభా లెక్కల్లో పనిచేసే పిల్లలు కోటి మంది. అది 5 నుండి 14 ఏళ్ల వారి లెక్క. అంతర్జాతీయ అంచనాలు 17 ఏళ్ల వరకు లెక్కిస్తాయి.

అయితే శరీరానికి దేశభేదం లేదు. ఘానా కోకో తోటలో అయినా, కర్నూలు పత్తి విత్తన చేనులో అయినా పురుగుమందు పిల్లలకే ఎక్కువ హాని చేస్తుంది. బరువుతో పోలిస్తే వారు పెద్దలకంటే ఎక్కువ గాలి పీలుస్తారు.

తల్లిదండ్రులారా, మందు కొట్టిన చేనులోకి పిల్లలను పంపకండి. చేనుకు వెళ్లిన బిడ్డకు తలనొప్పి, వాంతులు, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఏ పనికి వెళ్లాడో దాచకుండా డాక్టరుగారికి చెప్పండి. మేము తప్పుపట్టము. మీరు చెప్పే ఆ ఒక్క మాటే సరైన వైద్యానికి దారి చూపుతుంది.