వెనక చక్రం పట్టేస్తే తప్పు అడ్జస్టర్‌దేనా?

పసుపు సీజన్‌లో ఆర్మూర్ నుంచి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు బస్తాల బండ్లు వరసకట్టి వెళ్తాయి. దూరం పాతిక కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. మధ్యలో ఒక పికప్పు గుంజలేక ఆగుతుంది. వెనక డ్రమ్ము సెగలు కక్కుతుంటుంది, లైనింగు మాడిన వాసన వస్తుంటుంది. చుట్టూ చేరినవాళ్లు చెప్పే వైద్యం ఒక్కటే: "అడ్జస్టర్ నాలుగు పళ్లు ఎనకకు తిప్పన్నా, ఫ్రీ అయితది."

ఫ్రీ అవుతుంది. ప్రాణం మీదికి తెచ్చేది కూడా అదే.

అడ్జస్టర్ వెనక్కి తిప్పితే షూలు డ్రమ్ముకు దూరం జరుగుతాయి. అంటే బ్రేకు నొక్కినప్పుడు వీల్ సిలిండర్ పిస్టన్లు ఇంకా ఎక్కువ దూరం నెట్టాలి, పెడల్ ఇంకా లోపలికి దిగాలి. ఖాళీ బండిలో ఈ తేడాతో ఎలాగో నెట్టుకురావచ్చు. నిండా బస్తాలున్న బండికి రహదారి మీద ఎవరైనా అడ్డం వస్తే, ఆ కాస్త ఆలస్యమే కొంప ముంచుతుంది.

మరి తిప్పగానే ఎందుకు నయమైనట్టు కనిపిస్తుంది? బండి ఆపి, జాకీ ఎక్కించి, చక్రం విప్పేసరికి అరగంట గడుస్తుంది. ఆలోగా బ్రేక్ ఆయిల్ చల్లారుతుంది. పెడల్ వదిలాక మాస్టర్ సిలిండర్ పిస్టన్ పూర్తిగా వెనక్కి రావాలి. అప్పుడే ఒక సన్నని రంధ్రం తెరుచుకుని, వేడికి వ్యాకోచించిన ఆయిల్ డబ్బాలోకి తిరిగి చేరుతుంది. పెడల్‌కూ మాస్టర్ సిలిండర్ పిస్టన్‌కూ మధ్య ఉండే పుష్ రాడ్‌కు ఖాళీ లేకపోతే ఆ రంధ్రం మూసుకునే ఉంటుంది. పోయే దారి లేక ఆయిల్ షూలను నెడుతుంది, షూలు రాసుకుని ఇంకా వేడెక్కుతాయి. చల్లారితే ఒత్తిడి తగ్గి చక్రం వదులుతుంది. పేరు మాత్రం అడ్జస్టర్‌కు దక్కుతుంది. మళ్లీ పది కిలోమీటర్లు నడిస్తే అదే కథ.

సొంతంగా కట్టుకున్న బండ్లలో ముందు అనుమానించాల్సింది ఈ రాడ్‌నే. కె. సుధాకర్ 2010లో హైదరాబాద్ బహదూర్‌పురాలో తెరిచిన సుధా కార్స్ మ్యూజియం చూస్తే, తుక్కు సామానుతో బండి కట్టడంలో ఎంత ఆనందముందో తెలుస్తుంది. కానీ పెడల్ ఒక మోడల్‌ది, మాస్టర్ సిలిండర్ ఇంకో మోడల్‌ది అయినప్పుడు ఆ ఖాళీని కట్టినవారే చేత్తో సరిచేసుకోవాలి.

అసలు లోపం పట్టడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, వెనక భాగాన్ని స్టాండ్ల మీద నిలిపి, చక్రం పట్టేసి ఉండగానే దాని బ్లీడింగ్ నిపిల్ కొద్దిగా వదులు చేయాలి. ఆయిల్ చిమ్మి చక్రం తిరిగితే ఒత్తిడి లోపల చిక్కుకున్నట్టే. తిరగకపోతే హ్యాండ్ బ్రేక్ కేబుల్, నీరసపడ్డ రిటర్న్ స్ప్రింగు, బ్యాక్ ప్లేటు మీద గాడిపడి ఇరుక్కున్న షూ, తుప్పుపట్టిన వీల్ సిలిండర్ పిస్టన్, ఇవి చూడాలి. ఒత్తిడే అని తేలితే నిపిల్ బిగించి, చక్రం మళ్లీ పట్టేసినప్పుడు మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు నట్టు వదులు చేయాలి. అక్కడ విడిస్తే తప్పు రాడ్‌దో మాస్టర్‌దో. విడవకపోతే మధ్యలో రబ్బరు హోస్ లోపల ఉబ్బి, ఆయిల్‌ను పోనిచ్చి రానివ్వడం లేదన్నమాట. పైకి కొత్తదిలా కనిపించే హోస్ కూడా ఇలా మోసం చేస్తుంది.

ఇలాంటి తప్పుడు వైద్యాలు ఇంకా ఉన్నాయి. "ఆయిల్ ఏదైతేనేం" అని ఇంజిన్ ఆయిల్ పోస్తే రబ్బరు కప్పులు ఉబ్బి బ్రేకులే జామ్ అవుతాయి. కాలిన డ్రమ్ము మీద నీళ్లు పోస్తే పోత ఇనుము పగలొచ్చు. బ్రేక్ ఆయిల్ మార్చనక్కర్లేదన్నదీ తప్పే. డాట్ 3 ఆయిల్ కొత్తగా 205 డిగ్రీల దాకా మరగకుండా తట్టుకోవాలి. తేమ పీల్చాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. ఆ తేమే సిలిండర్‌కు తుప్పు పట్టిస్తుంది.

డ్రైవర్లు చెప్పే ఒక మాట మాత్రం ఒప్పుకోక తప్పదు. వానాకాలం రాత్రంతా హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచితే షూ డ్రమ్ముకు తుప్పుతో అతుక్కుపోతుందంటారు. అది నిజమే. చదునైన చోట గేరులో ఉంచి, చక్రానికి రాయి అడ్డం పెట్టడంలో తప్పులేదు. అయితే తెల్లారి ఆ రాయి తీసి రోడ్డు పక్కకు వేయాలి. వెనక వచ్చే బైకులకు అది గండం.

డ్రమ్ము విప్పాక దుమ్మును నోటితో ఊదొద్దు, గాలి పైపు పెట్టొద్దు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి. పని ముగిశాక ఎయిర్ తీసి, షూలను మాన్యువల్ ప్రకారం మళ్లీ డ్రమ్ముకు దగ్గరగా సర్దాలి. పెడల్ గట్టిగా నిలిచాకే ఖాళీ బండితో ఐదు కిలోమీటర్లు తిరిగి వచ్చి, రెండు డ్రమ్ముల దగ్గరా అరచేయి ఆనించకుండా సెగ చూడాలి. రెండువైపులా ఒకేలా, గోరువెచ్చగా ఉంటే బస్తాలు ఎక్కించవచ్చు.