వెన్నెల, వనభోజనం, ఆరోగ్యం - శరదృతుచర్య

వర్షాలు వెనుకపట్టి, ఆకాశం నిర్మలమై, చెరువులలో నీరు తేటపడి, గట్ల మీద రెల్లుపూలు తెల్లగా విచ్చుకొనే కాలం శరదృతువు. మన పంచాంగం ప్రకారం ఇది ఆశ్వయుజ, కార్తిక మాసాల కాలం. ఇంగ్లీషు నెలల లెక్కలో సుమారుగా సెప్టెంబరు చివరి నుండి నవంబరు చివరి వరకు. బతుకమ్మ, దసరా, అట్లతద్ది, దీపావళి, నాగులచవితి, కార్తిక వనభోజనాలు అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చే రోజులివి. నూరు శరత్తులు చూడమని దీవించిన మన పెద్దలు మనిషి ఆయుష్షుకు ఈ ఋతువునే కొలతగా తీసుకొన్నారు.

అయితే వైద్యలోకంలో మరొక నానుడి ఉన్నది. శరదృతువు వైద్యులకు తల్లి వంటిదట! తల్లి బిడ్డను పోషించినట్లు ఈ ఋతువు వైద్యుణ్ణి పోషిస్తుందని దాని భావం. అనగా రోగులు అధికంగా వచ్చేది ఈ కాలంలోనే. నా అనుభవమూ అదే. గుండెలో మంట, పుల్లని త్రేన్పులు, నోటిపూత, కళ్ల మంటలు, తలనొప్పి, ఒంటిమీద దద్దుర్లు, జ్వరాలు - దసరా మొదలుకొని కార్తిక అమావాస్య వరకు నా వైద్యశాల అరుగు ఖాళీగా ఉండేది కాదు.

ఇంత అందమైన ఋతువులో ఇంత అనారోగ్యం ఎందుకు? పండుగలు, ప్రయాణాలు మానుకొని ఇంట్లో కూర్చోవడమే దీనికి మార్గమా? కాదు. ఈ ఋతువును అయినవారితో కలసి సంతోషంగా అనుభవించడం కూడా శాస్త్రం చెప్పిన ఋతుచర్యలో భాగమే. అనుభవించే పద్ధతి మాత్రం తెలుసుకోవలె. ఈ సంగతి రోగులకు చెబుతూనే నేను స్వయంగా చాలా ఆలస్యంగా గ్రహించాను. ఆ ముచ్చట చివర చెబుతాను.

శరీరంలో జరిగేది ఏమిటి?

వర్షాకాలంలో జఠరాగ్ని మందగిస్తుంది. నీరు, ఓషధులు ఆమ్లభావాన్ని పొందుతాయి. అందువల్ల శరీరంలో పిత్తం కొద్దికొద్దిగా సంచితమవుతుంది. చల్లదనానికి అలవాటు పడిన శరీరంపై శరత్తులో ఒక్కసారిగా తీక్షణమైన ఎండ పడగానే, పేరుకొన్న ఆ పిత్తం ప్రకోపిస్తుంది. హేమంతంలో చలి పెరిగినప్పుడు అది తనంతట తానే శాంతిస్తుంది. చరక సంహితలోను, వాగ్భటుని అష్టాంగహృదయంలోను ఋతుచర్యను వివరించిన అధ్యాయాలలో ఈ క్రమమే చెప్పబడినది.

కాబట్టి ఈ రెండు నెలలు మనం చేయవలసిన పని ఒక్కటే - పిత్తాన్ని రెచ్చగొట్టకుండా ఉండడం. తీపి, చేదు, వగరు రుచులు పిత్తాన్ని శమింపజేస్తాయి. పులుపు, ఉప్పు, కారం దానిని పెంచుతాయి. విరేచనం, తిక్తఘృత పానం, రక్తమోక్షణం వంటి శోధన చికిత్సలు కూడా ఈ ఋతువుకు విధింపబడినవి. కాని అవి వైద్యుని పర్యవేక్షణలో జరుగవలసినవే గాని ఇంట్లో సొంతంగా చేసుకోదగినవి కావు.

వెన్నెల కూడా విధియే

వాగ్భటుడు శరదృతుచర్యలో ఆహారంతో ఆగలేదు. సాయంవేళ చందనం, వట్టివేరు, కర్పూరం పూసుకొని, పలుచని వస్త్రాలు, ముత్యాల హారాలు ధరించి, మేడపై వెన్నెలను సేవించమన్నాడు. ఇది రాజుల భోగం గదా అని కొందరు నవ్వుతారు. ముత్యాలు లేకపోతే పోనీయండి. డాబా మీద చాప పరచి, ఉతికిన తెల్లని నూలుబట్టలు కట్టుకొని, ఇంటిల్లిపాదీ ఒక గంట కూర్చోవడానికి ఖర్చేమున్నది? పగటి ఎండకు వేడెక్కిన శరీరం చల్లబడుతుంది. రోజంతా పనిలో రేగిన మనస్సు కుదుటపడుతుంది. కోపము, ఆందోళన పిత్తాన్ని పెంచుతాయని శాస్త్రం చెబుతున్నది. అందువల్ల ఆ గంటసేపు దూరదర్శిని, చేతిఫోను కట్టివేసి, పిల్లలతోను పెద్దలతోను మాట్లాడుకోవడం వెన్నెలలో సగం మందు.

ఒక్క జాగ్రత్త. ఈ ఋతువులో మంచు పడేచోట ఉండరాదని కూడా ఆయనే చెప్పాడు. రాత్రి బాగా పొద్దుపోయి మంచు దిగే వేళకు లోపలికి రావలె. దోమలు కుట్టకుండా ఒళ్లు కప్పుకొనడం, వేపనూనె కలిపిన కొబ్బరినూనె కాళ్లకు చేతులకు రాసుకొనడం మంచిది.

వనభోజనంలో ఆహారం

కార్తికంలో ఉసిరిచెట్టు నీడన భోజనం చేసే ఆచారం ఎంత అర్థవంతమైనదో చూడండి. శరత్తులో తినదగినవిగా వాగ్భటుడు చెప్పిన వాటిలో బియ్యం, పెసలు, పటికబెల్లం, చేదుపొట్ల, తేనెలతోపాటు ఉసిరిక కూడా ఉన్నది. ఉసిరి పుల్లగా ఉన్నా పిత్తాన్ని పెంచదు; శమింపజేస్తుంది. సి విటమిను దానిలో సమృద్ధిగా ఉన్నదని ఆధునికులు కూడా చెబుతున్నారు. ఆదివారం ఉసిరి తినని ఆచారం ఉన్నవారు మరునాడు తిన్నా సరిపోతుంది.

ఇక వడ్డన సంగతి. పులిహోర, గారెలు, బూరెలు, కంద బచ్చలి కూర, ఆవకాయ, గడ్డపెరుగు - వనభోజనపు విస్తరి ఇలా ఉంటుంది. వీటిని మానమని నేను చెప్పను. పండుగ పూట పండుగ వంట ఉండవలసిందే. కాని శరత్తులో విడువవలసిన వాటి జాబితాలో నూనె, పెరుగు, క్షారాలు, ఎండ, పగటి నిద్ర, తూర్పుగాలితోపాటు సౌహిత్యం అనే మాట ఉన్నది. సౌహిత్యం అనగా ఇక చాలు అనిపించే దాకా కడుపు నింపడం. నా దృష్టిలో మన ఇండ్లలో ఈ ఋతువు వ్యాధులకు ముఖ్య కారణం ఇదే. గారె చెడ్డది కాదు. ఆరవ గారె చెడ్డది.

గృహిణులకు నా సూచనలు ఇవి. నూనెలో వేయించిన వంటకం ఒక్కటే చేయండి. పులిహోర ఉంటే పులుసు మానండి. ఒక చేదు కూర - కాకరకాయ గాని, మెంతికూర పప్పు గాని - తప్పక ఉంచండి. పెరుగుకు బదులు వెన్న తీసిన పలుచని మజ్జిగ పోయండి. భోజనం కాగానే చెట్టు కింద నిద్రపోకుండా పిల్లలతో ఆటలలో, పాటలలో పాల్గొనండి. పగటినిద్ర మానుకొనడానికి అంతకంటె సుఖమైన ఉపాయం లేదు.

తెలంగాణలో సద్దుల బతుకమ్మనాడు పూలను నీటిలో సాగనంపిన తరువాత అందరూ కూర్చుని పంచుకొనే సద్దులను గమనించండి. నువ్వుల సద్ది, పల్లి సద్ది, మలీద - అన్నీ చేతిలో పట్టేటంత. పదిమందికి పంచి, పదిమంది పెట్టినది తినడమే అక్కడి ఆనందం. పంచుకొనే భోజనంలో మితం దానంతట అదే వస్తుంది.

ప్రయాణాలు

అరకులోయలో వలిసె పూలు కొండవాలును పసుపుపచ్చగా కప్పేది ఈ కాలంలోనే. కార్తిక సోమవారాలలో అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోటలలోని పంచారామాలను ఒక్కరోజులో దర్శించేవారు ఎందరో. ఆ యాత్ర నుండి నేరుగా నా వద్దకు వచ్చినవారూ ఉన్నారు. తెల్లవారుజామున చన్నీటి స్నానం, పగలంతా ఉపవాసం, మధ్యమధ్య ఖాళీ కడుపుతో నాలుగైదు కాఫీలు, ఎండలో వరుసలు, రాత్రి పది గంటలకు దారిలో మిరపకాయ బజ్జీలు! ఇక గుండెలో మంట రాక ఏమవుతుంది?

ఉపవాసం ఉండేవారు కాఫీకి బదులు పాలు, అరటిపండు, నానబెట్టిన ఎండుద్రాక్ష, కొబ్బరినీరు తీసుకొనవచ్చును. రాత్రి భోజనం తేలికగా ఉండవలె. మధుమేహానికి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని తీసుకొనేవారు వైద్యుణ్ణి అడుగకుండా ఉపవాసం చేయరాదు. చక్కెర హఠాత్తుగా పడిపోయే ప్రమాదం ఉన్నది. ఎవరైనా సరే ఉదయం 11 గంటల నుండి 3 గంటల వరకు ఎండలో తిరుగకుండా ప్రయాణం ఏర్పాటు చేసుకొనవలె.

దారిలో తాగే నీటి గురించి ఒక మాట. పగలు సూర్యకిరణాలకు కాగి, రాత్రి చంద్రకిరణాలకు చల్లబడి, అగస్త్య నక్షత్రోదయంతో నిర్విషమైన శరత్కాల జలాన్ని హంసోదకమని మన ఆచార్యులు కొనియాడారు. నేటి చెరువులకు, కాలువలకు ఆ మాట వర్తించదు. కాచి చల్లార్చిన నీటిని ఇంటి నుండి తీసుకొని వెళ్లడమే మనకు హంసోదకం.

తుపానుల కాలం కూడా ఇదే. విశాఖపట్నం వద్ద హుద్‌హుద్ తుపాను తీరం దాటినది 2014 అక్టోబరు 12న. కనుక సముద్రతీర యాత్రలకు బయలుదేరే ముందు వాతావరణ సూచనను తెలుసుకోవడం తప్పనిసరి.

ప్రతి జ్వరమూ పిత్తజ్వరం కాదు

విహారం నుండి తిరిగి వచ్చాక జ్వరం తగిలితే ఎండదెబ్బ అనో, పైత్యమనో ఉపేక్షించకండి. వానలు వెనుకపట్టాక నిలిచిన నీటిలో దోమలు పెరిగి డెంగ్యూ, మలేరియా వ్యాపించే కాలమిది. తీవ్రమైన జ్వరంతోపాటు కళ్ల వెనుక నొప్పి, ఒళ్లు నొప్పులు ఉంటే ఆలస్యం చేయకుండా రక్తపరీక్ష చేయించవలె. ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ మాత్రలు సొంతంగా వేసుకోరాదు. అవి రక్తస్రావాన్ని పెంచవచ్చును. జ్వరం తగ్గే రోజులలోనే ప్రమాదం ఎక్కువ. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి గాని ముక్కు నుండి గాని రక్తం, అతి నీరసం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకొని వెళ్లవలె. ఆకు పసరులను నమ్ముకొని కాలయాపన చేయరాదు. ఆయుర్వేద వైద్యుణ్ణి అయి ఉండీ ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఇంట్లో చేసుకొనదగినవి

1. ధనియాల హిమం: 2 చెంచాల ధనియాలను కచ్చాపచ్చాగా దంచి, అర గ్లాసు మంచినీటిలో రాత్రంతా నానబెట్టి, ఉదయం వడగట్టి, కొద్దిగా పటికబెల్లం కలిపి తాగవలె. ఒంటి వేడి, మూత్రంలో మంట తగ్గుతాయి. మధుమేహం ఉన్నవారు పటికబెల్లం లేకుండా తాగవలె.

2. పెసరకట్టు: గుప్పెడు పెసరపప్పును 4 గ్లాసుల నీటిలో మెత్తగా ఉడికించి, పైతేట తీసి, చిటికెడు జీలకర్ర, సైంధవ లవణం వేసి అన్నంలో కలుపుకొనవలె. విందు తిన్న మరునాడు దీనికి మించిన పథ్యం లేదు.

3. ఉసిరిక చూర్ణం: గింజ తీసి నీడన ఎండబెట్టి దంచిన ఉసిరి పొడి అర చెంచా, ఉదయం గోరువెచ్చని నీటితో తీసుకొంటే పుల్లత్రేన్పులు తగ్గుతాయి. రెండు వారాలకూ తగ్గకపోతే, నల్లని విరేచనమైతే, గుండెనొప్పి ఎడమచేతికి పాకితే అది చిట్కాలకు లొంగేది కాదు; వెంటనే వైద్యుణ్ణి చూడవలె.

నేను ఆలస్యంగా నేర్చుకొన్నది

మా అమ్మ ఏటా కార్తికంలో ఊరివారితో కలసి వనభోజనానికి వెళ్లేది. "నాన్నా, ఈ ఆదివారమైనా వస్తావా?" అని అడిగేది. "రోగులు వస్తారమ్మా, వచ్చే ఏడు చూద్దాం" అనేవాణ్ణి. చాలా సంవత్సరాలు అలాగే గడిచాయి. నా కోసం ఒక విస్తరి వేసి ఉంచేదట. అందరూ లేచాక దానిని మడిచి పక్కన పెట్టేదట. ఈ సంగతి మా అక్క చెప్పగా తెలిసింది.

ఆ సంవత్సరం వైద్యశాల మూసి వెళ్లాను. అమ్మ ఏమీ అనలేదు. తన పక్కన కూర్చోబెట్టుకొని కాకరకాయ కూర ముందుగా వడ్డించింది. సాయంకాలం గోదావరి గట్టున కూర్చున్నాము. వెన్నెల వచ్చేదాకా ఏవేవో పాత ముచ్చట్లు చెప్పింది. ఆ రాత్రి చాలాకాలం తరువాత నాకు గాఢమైన నిద్ర పట్టింది. రోగులకు ఏళ్ల తరబడి చెప్పిన విహారమనే మాటకు అర్థం ఆనాడు తెలిసింది.

మరుసటి కార్తికానికి అమ్మ లేదు.

ఆనాటి నుండి కార్తికంలో ఒక ఆదివారం నా వైద్యశాల మూసి ఉంటుంది. అత్యవసరమైతే ఎక్కడికి వెళ్లవలెనో బోర్డు మీద వ్రాసి ఉంచుతాను. పాఠకులారా, ఈ శరత్తులో మీరు మితంగా తినండి, ఎండ తప్పించుకోండి, కాచిన నీరు తాగండి. మీ కోసం ఎక్కడైనా ఒక విస్తరి వేసి ఉంటే, ఈ ఏడే వెళ్లి కూర్చోండి.